టెంపరీ అయ్యగారి డ్రమ్ము

ఉప్పుగూడ క్రైస్తవ సంఘంలో భిక్షపతిని అందరూ టెంపరీ అయ్యగారనే పిలిచేవారు. టెంపరరీలోని ఒక 'ర' ఎవరి నోట్లో జారిపోయిందో తెలియదుగానీ, టెంపర్ మాత్రం ఆయనలోంచి పుట్టుకతోనే జారిపోయింది. కోపం రావలసిన చోట ఆయనకు జోకు వచ్చేది. పెళ్లిలో కరెంటు పోతే, "వెలుగు దేవుడిస్తడు, బిల్లు మాత్రం మీరే కట్టుకోన్రి" అనేవాడు. సమాధుల దగ్గర మాత్రం నోరు కట్టేసుకునేవాడు. అదీ కష్టం మీద.

అసలు అయ్యగారు జబ్బుపడి సెలవు మీద పోతే మిషన్ పెద్దలు ఈయన్ని పంపారు. అభిషేకం పొందిన గురువు కాదు గనక వాక్యం చెప్పవచ్చు, ప్రార్థన చెయ్యవచ్చు, రోగి నెత్తిన చెయ్యి పెట్టవచ్చు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవడం, గిన్నె అందించడం మాత్రం కూడదు. అందుకు నెలకోసారి సికింద్రాబాదు నుంచి పెద్దయ్యగారు వచ్చేవారు. ఆ పూట భిక్షపతి పక్కన నిలబడి తువ్వాలు పట్టుకునేవాడు. "పెండ్లి వారిది, పందిరి గుంజను నేను" అని తన మీద తానే నవ్వేవాడు.

ఇప్పుడు అసలు సిసలు అభిషేకం పొందిన కొత్త అయ్యగారు సోమవారం దిగుతున్నాడు. ఆ పొద్దున్నే భిక్షపతి బండెక్కి జడ్చర్ల అవతలి పల్లెకు పోవాలి. అక్కడా టెంపరీయే.

శుక్రవారం ఆయన సామాను సర్దుకుంటున్నాడు. సామాను అనడం సామాన్లను అవమానించడమే. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, వత్తులు నల్లబడిన కిరసనాయిలు స్టవ్వు, సొట్టలు పడ్డ గిన్నెలు. గిన్నెల్ని బూడిదతో తోమి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మోగకుండా మధ్యన పాత బనీను ముక్కలు పెడుతుండగా గుమ్మంలో వెలుతురు తగ్గింది. సంఘపెద్ద మొగులయ్య నిలబడ్డాడు.

మొగులయ్య రైల్వేలో గార్డు చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా జెండాలు వదల్లేదు. జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర దస్తీ ఉండేది. ప్రసంగం పొడుగైతే ముందు బెంచీలోంచి ఆ దస్తీ తీసి మొహం తుడుచుకునేవాడు. అంతే, ఎక్కడి ప్రవక్త అక్కడే ఆగిపోయేవాడు. భిక్షపతి వెంటనే ఆమెన్ చెప్పేసేవాడు.

"ఏమయ్యగారూ, సదురుడు అయిందా?"

"సదరడానికి ఏమున్నది పెద్దాయనా! నేను ఎక్కితెనే నా సామాను ఎక్కినట్టు."

మొగులయ్య నవ్వి, స్టూలు మీద కూర్చున్నాడు. "ఒక మాట చెప్తందుకు వచ్చిన. మంగళారం నేను సికింద్రాబాద్ పోతున్న. పెద్దయ్యగారితోని మీ గురించి మాట్లాడ్త. ఎన్నేండ్లు గిట్ల టెంపరీగ తిరుగుతరు? గురువిద్యకు పంపుమని చెప్త. సంఘపెద్ద చెప్పిండంటే సిగ్నల్ పడ్డట్టే."

భిక్షపతి చేతిలోని గిన్నె గిన్నెలోనే ఆగిపోయింది. నలభై దాటిన మనిషి. ఆ చదువు కోసం, ఆ అభిషేకం కోసం ఎన్ని ఊళ్లలో ఎన్ని తువ్వాళ్లు పట్టుకున్నాడో! జోకు వెతుక్కున్నాడు. దొరకలేదు. "దేవుడు మిమ్ముల సల్లగ జూడాలె" అన్నాడు.

"ఇగ ఆదివారం సాగనంపు భోజనం. రివాజు ఎరికే గద? పోయే అయ్యగారు బియ్యం మోసుకపోవద్దు. డ్రమ్ముల ఉన్నయి, ఆ పొద్దు వచ్చినయి కలిపి సంఘమంతటికి వండుతరు. మా రాహేలు ఉన్నది, అన్ని సూస్కుంటది."

ఆ డ్రమ్ము భిక్షపతి గదిలో మూలన ఉంది. పిడికెడు బియ్యం డ్రమ్ము. సంఘంలోని ప్రతి ఇల్లాలూ పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అయ్యగారి పేర విడిగా పెడుతుంది. ఆదివారం ఆరాధన కాగానే మగవాళ్లు ముందు గుమ్మంలో అయ్యగారితో చేతులు కలుపుతుంటే, ఆడవాళ్లు వెనక వరండాలో తమ సంచులు రాహేలమ్మకు అప్పగిస్తారు. మొగులయ్య భార్య రాహేలమ్మే స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె చాటలో పోసి, చెరిగి, రాళ్లేరి, డబ్బాతో అయ్యగారి గదికి పంపుతుంది.

ఆ బియ్యం ఉడికే తీరే వేరు. ఒకరింటి మసూరి, ఒకరింటి దొడ్డు బియ్యం, ఇంకొకరింటి కంట్రోలు బియ్యం, ఎవరో గడుసు ఇల్లాలు వేసిన నూకలు. కుండలో నూకలు జావైపోయేటప్పటికి దొడ్డు బియ్యానికి ఇంకా నిద్ర లేవబుద్ధి కాదు. సగం గంజి, సగం గులకరాళ్లు. మొదట్లో భిక్షపతికి కడుపు నొచ్చేది. తరవాత ఆ కుండ మీద ఆయనకు మమకారం పుట్టింది. రొట్టె విరిచి అందరికీ పంచే భాగ్యం తనకు లేదు. పోనీ, అందరూ కలిసి తనకు పంచుతున్నారు. బెంచీల వాళ్లూ చాపల వాళ్లూ గుమ్మం పక్కవాళ్లూ ఈ ఒక్క కుండలోనే కదా కలిసి ఉడుకుతున్నారు! ఆదివారం చెప్పబోయే చివరి ప్రసంగానికి మొదటి మాట కూడా అదే అనుకున్నాడు: ఈ సంఘంలో నేను అన్నం తినని ఇల్లు లేదు.

సాయంత్రం రాహేలమ్మ ఇంటికి బయల్దేరాడు. ప్రతి ఆదివారం ఆమె ఉడకబెట్టిన కోడిగుడ్లు పంపే ఇత్తడి గిన్నె ఇంకా తన దగ్గరే ఉండిపోయింది. చింతపండుతో తళతళలాడేలా తోమాడు. గుడ్డు పోయినా గిన్నె మెరవాలి కదా.

రాహేలమ్మ పెరట్లో కోళ్లకు గింజలు చల్లుతోంది. "బోబో" అని పిలుస్తూ, కోళ్లగూటి మేకుకు వేలాడే గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, వేళ్ల సందుల్లోంచి చక్కగా వెదజల్లుతోంది. తెల్లటి బియ్యం. కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. సంఘ ఎన్నికల్లో కూడా అంత తోపులాట ఉండదు.

భిక్షపతి చూపు సంచి మీద ఆగింది. పాత చీర ముక్కతో కుట్టిన సంచి, దాని మీద పచ్చ చిలకలు. ఆ చిలకలు ఆయనకు తెలుసు. ఆగమ్మ ప్రతి ఆదివారం చెప్పులు విడిచే చోటి పక్కన, గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఆరాధన అయ్యేదాకా ఆ సంచి ఆమె ఒళ్లో పసిపిల్లలా పడుకుని ఉంటుంది.

"అమ్మా, అది ఆగమ్మ సంచి గాదా?"

"అవునయ్యగారూ." రాహేలమ్మ చెయ్యి ఆగలేదు. "శనారం గేటుకు తగిలిస్త, తీస్కపోతది."

"మరి గా బియ్యం... నా బియ్యం గద?"

"అయ్యో, మీకెట్ల పెడ్తమయ్యగారూ!" ఆమె కళ్లలో దొంగతనం లేదు, అంతా వాత్సల్యమే. "బల్దియాల పనిజేస్తది. పొద్దంత గల్లీలు ఊడుస్తది, పాయఖానాలు ఎత్తుతది. గా చేతులతోని తీసిన బియ్యమాయె. వద్దంటే ఆమె మనసు నొస్తది. మీకు వండితే మీ కడుపు నొస్తది. అందుకని గిట్ల జేసిన. ఎవరికి నొప్పి లేకుంట. మీరొచ్చినకాంచి గాదు, అంతకు ముందటికెల్లి గిట్లనే నడుస్తున్నది."

ఒక కోడి భిక్షపతి పాదం మీద పడ్డ గింజను టక్కున పొడిచింది. ఆయన కాలు తీసుకోలేదు. ఇత్తడి గిన్నెను అరుగు మీద పెట్టి, వందనాలు చెప్పి వచ్చేశాడు. దారిలో చివరి ప్రసంగపు మొదటి మాట నోట్లో నానబెట్టని గింజలా గట్టిగా తగిలింది. ఆదివారం ఆ మాట అంటే అబద్ధం. ఉన్నమాట అంటే మొగులయ్య మొగులవుతాడు. ఒక్కసారి ఆ మబ్బు పట్టిందంటే సికింద్రాబాదులో సిగ్నల్ పడదు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి గల్లీకి పోయాడు. పట్టాల పక్కన రేకుల ఇండ్లు. ఆగమ్మ పేరుకే ఆగమ్మ, ఆమె ఆగడం ఎవరూ చూడలేదు. పని నుంచి అప్పుడే వచ్చి, చీపురుకట్టను గోడకు తలకిందులుగా ఆనించి, బకెట్టు ముందు కూర్చుని చేతులు కడుక్కుంటోంది. ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా రుద్దింది. గోళ్ల సందుల్లో పుల్లతో గీకింది. కడిగింది. మళ్లీ సబ్బు పట్టింది. తరవాత కొంగుకు కాకుండా, దండెం మీది ఉతికిన గుడ్డకు తుడుచుకుంది.

"వందనాలయ్యగారూ! గిట్ల వచ్చిన్రేంది? కూసోన్రి." డబ్బా బోర్లించి తుడిచి వేసింది. "జర ఆగున్రి, ఎసరు మసులుతున్నది."

చాటలో బియ్యం తెచ్చింది. అందులోంచి ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని నొసటికి తాకించి, వారమంతా పిడికెళ్లు దాచుకున్న ముంతలో వేసింది. అప్పుడుగానీ మిగిలినవి కుండలో పొయ్యలేదు. భిక్షపతి చూస్తూ కూర్చున్నాడు. ఎల్లుండి పోయే మనిషికి, ఇవాళ కూడా పిడికెడు.

"ఆగమ్మా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పున్రి."

పల్పిట్ మీద మడతపడని నాలుక ఇక్కడ మడతపడింది. ఆయన మొహం చూసి, ఆగమ్మ పొద్దున గేటు మీంచి తెచ్చుకున్న చిలకల సంచిని విప్పి, లోపలి కుట్టు దగ్గర అంటుకున్నదాన్ని రెండు వేళ్లతో తీసి చూపించింది. ఒక చిన్న కోడి ఈక.

"గిదేనా?"

భిక్షపతి తలెత్తాడు.

"నాకెరికే అయ్యగారూ. వారం వారం సంచి వచ్చినప్పుడల్ల ఈక వస్తది. మా ఇంట్ల కోడి లేదాయె. ఈక ఆకాశంకెల్లి పడ్తదా?"

"ఎరికైనంక గూడ ఎందుకిస్తున్నవు?"

"నేను ఇచ్చుడు నేను జేస్తున్న." కట్టె ఎగదోసి, పొగకు కళ్లు చికిలించింది. "మీకు వెడ్తున్ననని తీస్తున్న. అవుతల ఏం జేస్తరో గది వాండ్ల పిడికెడు."

"రేపు సంఘంల ఈ మాట తీస్త. అందరి ముంగట అడుగుత!" టెంపరీ అయ్యగారికి టెంపర్ వచ్చింది. అలవాటు లేని వస్తువు కాబట్టి ఎటు పట్టుకోవాలో తెలియక లేచి, మళ్లీ డబ్బా మీద కూర్చున్నాడు.

ఆగమ్మ నవ్వింది. "అడిగి మీరు రైలెక్కుతరు. లొల్లి మాకు మిగులుతది. రాహేలమ్మ చెడ్డది గాదు. నిరుడు నాకు జరమొస్తే జావ గాసి పంపింది. గుమ్మం కాడ వెట్టి పిలిచింది, లోపలికి రాలే. గంతే. గామెను నలుగుట్ల నిలవెడితే నాకేమొస్తది?"

"మరి నీకేం గావాలె?"

ఆమె కుండ మూత తీసింది. గరిటెతో ఒక మెతుకు తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, మూత పెట్టింది.

"డ్రమ్ముల నా చేతితోని నేనే పొయ్యాలె. ఒక్కపారి. దేవుని ముంగట. ఎవ్వరికి ఇయ్యకుంట."

ఆ సాయంత్రం ఉప్పుగూడ గల్లీ ఒక వింత చూసింది. లోకంలో ఎవరి డప్పు వాళ్లు కొట్టుకుంటారు. భిక్షపతి తన డ్రమ్మును తానే దొర్లించుకుంటూ పోతున్నాడు. అడుగున ఉన్న బియ్యాన్ని మూటకట్టి భుజాన వేసుకుని, గదిలోంచి గుడిలోకి ధడధడమని దొర్లించాడు. పాలు పోస్తున్న రామ్‌చందర్ సైకిలు ఆపి, "ఏంది అయ్యగారూ, బ్యాండు మేళం మీరే మోగిస్తున్నరు?" అన్నాడు.

"సాగనంపు గదనే! ఎవడు మోగించకపోతే ఎట్ల?"

బల్ల ముందు, పెద్దయ్యగారు రొట్టె విరిచే చోటికి ఎదురుగా డ్రమ్మును నిలబెట్టి, మూటలోని బియ్యం పోసి, తడిగుడ్డతో అంచు చుట్టూ తుడిచాడు.

ఆదివారం గుడి నిండింది. చివరి ప్రసంగంలో జోకులుంటాయని అందరూ నవ్వులు సిద్ధం చేసుకుని వచ్చారు. భిక్షపతి పొట్టిగా మాట్లాడాడు. అనుకున్న మొదటి మాట అనలేదు. ఆఖరి పాట ముందు మాత్రం డ్రమ్ము పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఇన్ని దినాలు మీ బియ్యం తిన్న. ఎవరు పోస్తున్నరో నా కండ్లతోని సూడలే. ఇయ్యాల సంచులు వరండాల ఇయ్యకున్రి. పాట పాడుకుంట ఎవరింటి బియ్యం వాండ్లే వచ్చి పొయ్యున్రి. నేను సూస్కుంట పోత. గిదొక్కటే అడుగుతున్న."

రాహేలమ్మ తలెత్తి చూసింది. మొగులయ్య జేబులోంచి ఎర్ర దస్తీ బయటికి వచ్చింది. మొహం తుడుచుకున్నాడు. భిక్షపతి ఆ దస్తీని చూశాడు. చూసి, పాట ఎత్తుకున్నాడు.

ముందు బెంచీల వాళ్లు లేచారు. సంచుల మూతులు విప్పి పోస్తుంటే బియ్యం మీద బియ్యం వానచినుకుల చప్పుడు చేసింది. పుష్పమ్మ నూకల సంచీ వంచుతూ సిగ్గుపడి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గడుసు ఇల్లాలు ఎవరో అప్పుడు తెలిసింది. చాపల వాళ్లు వచ్చారు. పాట అయిపోవచ్చింది. గుమ్మం దగ్గర కదలిక లేదు. భిక్షపతి పాటను మళ్లీ మొదటి చరణం నుంచి ఎత్తుకున్నాడు. మొగులయ్య దస్తీ ఈసారి మొహం మీదికి పోలేదు, గాలిలోనే ఊగింది.

ఆగమ్మ లేచింది. నడిమి దారి వెంట, ఎవరినీ తాకకుండా, సంచిని రొమ్ముకు ఆనించుకుని వచ్చింది. బెంచీల చివర కూర్చున్నవాళ్లు కొంగులు లోపలికి లాక్కున్నారు. డ్రమ్ము ముందు ఆగింది. ఆగమ్మ ఆగడం సంఘం మొదటిసారి చూసింది. సంచి విప్పి, తొందరపడకుండా, సన్నటి ధారగా పోసింది. తిరగేసి దులిపింది. బియ్యం కుప్ప ఒకవైపు ఒరిగి అంచు దాటబోయింది. వంటింటి అలవాటున ఆమె అరచెయ్యి అదాటుగా ముందుకు పోయి, కుప్పను ఈ చివరి నుంచి ఆ చివరికి చదును చేసింది.

పాట ఎక్కడో తెగిపోయింది. ఆగమ్మ చెయ్యి తీసుకుని, కళ్లు మూసి నొసటికి తాకించుకుని, గుమ్మం దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఇక ఏవి ఎవరివో దేవుడు కూడా ఏరలేడు.

గుడి వెనక రాళ్ల పొయ్యి మీద ఎసరు తెర్లుతోంది. డ్రమ్ము ముందు రాహేలమ్మ చాట పట్టుకుని కూర్చుంది. చెయ్యి లోపలికి పోవడం లేదు. చుట్టూ ఆడవాళ్లు ఉల్లిగడ్డలు తరగడం మానేసి ఆమెనే చూస్తున్నారు. మొగులయ్య వచ్చి భార్యను చూశాడు, డ్రమ్మును చూశాడు.

"నాకియ్యాల ఉపాసం" అన్నాడు. భిక్షపతి వైపు తిరిగాడు. ఆ మొహంలో మొగులు పట్టింది. "సిగ్నల్ జూడకుంట బండి నడిపితే ఏమైతదో మీకెరికే అయ్యగారూ."

వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇంకో రెండు కుటుంబాలు చెప్పులు వేసుకున్నాయి.

భిక్షపతి నాలుక కొస మీద మంచి జోకు ఒకటి వచ్చి కూర్చుంది. బహుశా ఆ ఏడాది మొత్తానికి అదే మంచిది. మింగేశాడు. రాహేలమ్మ ఎదురుగా, కొంచెం దూరంలో, గొంతుక్కూర్చున్నాడు. ఎసరు తెర్లుతూనే ఉంది. ఎవరో మూత జరిపారు.

రాహేలమ్మ తనలో తాను అనుకున్నట్టుగా అంది: "కోళ్లు తిన్నయి."

భిక్షపతి నేల మీద పడ్డ గింజ ఒకటి ఏరి డ్రమ్ములో వేశాడు.

"కోళ్లు తిన్నయి. గుడ్లు వెట్టినయి. గవ్వి మీకు ఉడకవెట్టి పంపిన." ఆమె వేళ్లు చాట అంచు మీద మెల్లగా కదిలాయి. "మేమూ తిన్నం. పండుగకు కోడిని గూడ కోసినం. మా ఆయననే రెండుపార్లు ఏయించుకున్నడు."

ఒకామె కిసుక్కున నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుంది. రాహేలమ్మ నవ్వలేదు. చెయ్యి డ్రమ్ములో మణికట్టు దాకా పెట్టి, చాటలోకి బియ్యం తీసింది. చెరిగింది. పొట్టు ఎగిరింది. ఒక చిన్న ఈక కూడా ఎగిరి, ఆమె మోకాలి మీద పడింది. దాన్ని చూసింది. తీసి పక్కన పెట్టింది.

"ఆగమ్మా!" తలెత్తకుండానే కేకేసింది. "గాడ నిలవడ్డవేంది బొమ్మ తీర్గ? పొయ్యి ఆరిపోతున్నది, కట్టెలు ఎగదొయ్యి."

"చేతులు కడుక్కొనొస్తనమ్మా."

"కడిగినవు తియ్యి. రా."

అన్నం ఎప్పటిలాగే ఉడికింది. సగం గంజి, సగం గులకరాళ్లు. ఆకుల ముందు మిగిలిన సంఘమంతా గగ్గోలు పెట్టింది. "గిదేంది అయ్యగారూ! పండ్లు ఊడేటట్టున్నయి! ఏడాదంత గిదే తిన్నరా?" అన్నాడు గ్యాంగుమాన్ బాలనర్సింహ.

"గిదే తింటున్న అనుకున్న" అన్నాడు భిక్షపతి. మొదటి ముద్ద నమిలాడు. దొడ్డు గింజ ఒకటి పంటి కింద కటుక్కుమంది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిగడ్డ మీద నెపం పెట్టి తుడుచుకున్నాడు.

సోమవారం పొద్దున ఉప్పుగూడ స్టేషన్లో మంచు పొగా, ఇంజను పొగా కలిసిపోయి ఉన్నాయి. బెంచీ మీద ట్రంకు, ట్రంకు మీద చాప, చాప మీద భిక్షపతి చెయ్యి. సంఘంలో చాలామంది డ్యూటీలకు పోయారు. ఆగమ్మ అవతలి రోడ్డు మీద ఊడుస్తూ, చీపురు పైకెత్తి ఊపింది. ఆగలేదు. ఆయనా తువ్వాలు ఎత్తి ఊపాడు.

బండి కూత వినబడ్డాక రాహేలమ్మ వగరుస్తూ వచ్చింది. చేతిలో గుడ్డమూట. "గుడ్లు. తొవ్వల తినున్రి."

"పెద్దాయన ఎట్లున్నడమ్మా?"

"ఏముంటది. మాట్లాడ్తలేడు. మంగళారం సికింద్రాబాద్ పోతడట గని, మీ మాట చెప్పడు. మీరు ఆశ వెట్టుకోకున్రి." ఆమె చూపు పట్టాల మీదికి పోయింది. "నా తోటే అయింది గిదంత."

"ఫికర్ జెయ్యకున్రి. టెంపరీగనే అలవాటయింది. పర్మనెంటయితే నా టెంపర్ ఎట్లుంటదో ఏమో!"

రాహేలమ్మ నవ్వింది. తరవాత గొంతు తగ్గించింది. "నిన్న గట్ల ఉపాసమని వచ్చిండు గద. ఇంట్ల పొయ్యి రాజెయ్యలే నేను. పొద్దుగూకేటాళ్లకు ఆకలికి ఆగలేక, తనే నాలుగు గుడ్లు ఉడకవెట్టుకొని తిన్నడు."

"మీరేమన్నరు?"

"ఏమనలే. ఉప్పు అందిచ్చిన."

బండి వచ్చి ఆగింది. భిక్షపతి ట్రంకు ఎక్కించి, తలుపు దగ్గర నిలబడ్డాడు. గార్డు పచ్చ జెండా ఊపాడు. బండి కదిలింది. రాహేలమ్మ తలుపు పక్కనే నాలుగడుగులు నడిచి, ఇంజను రొదకు గొంతు పెంచి చెప్పింది:

"డ్రమ్మును గాన్నే ఉంచిన అయ్యగారూ, బల్ల ముంగట! ఇగ మా కోళ్లకు తవుడే!"